మంచు సంగతి

డిసెంబరు ఇరవై తొమ్మిది. మోంటానా.
నాలుగున్నరకే చీకటి వచ్చి
మా మందుల షాపు అద్దానికి ముఖం ఆనించింది.
గోడ మీది కాగితంలో తొమ్మిది పేర్లు,
ఎనిమిదింటి పక్కన ఆకుపచ్చ గీత.
ట్వైలా అక్టోబరులోనే ముగించింది.
సూది గుచ్చుకుంటే ఏం చేయాలో
డెజ్మండ్ శాండ్‌విచ్ నములుతూ నేర్చుకున్నాడు.
బెర్నిస్ మూడుసార్లు తప్పి
నాలుగోసారి వచ్చిన సర్టిఫికెట్‌ని
మనవడి ఫొటోలా అందరికీ చూపించింది.
మిగిలింది ఐనార్ హాగెన్,
డెబ్బై రెండేళ్ళవాడు,
మందులు ఇళ్ళకి చేర్చే మనిషి.

ఇక్కడ పూచీ నాది.
ఆడిటర్ వస్తే ముందు అడిగేది ఆ కాగితమే.
దొంగ బిల్లులు, రోగి గుట్టు, నెత్తురంటిన సూదులు,
ఏటేటా అవే పాఠాలు,
నవ్వు దించని అదే తెల్లకోటు ఆవిడ.
చట్టానికి మతిమరుపేమో అనుకుంటాను ఒక్కోసారి,
తను చెప్పింది తనకే గుర్తుండక
మనచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటుంది.

ఐనార్ బూట్లు దులుపుకుని వచ్చాడు.
కుర్చీ వేశాను, కాఫీ ఇచ్చాను.
కోడి గింజలేరినట్టు
రెండు వేళ్ళతో పొడుస్తాడు మీటల్ని.
ఇరవైకి పదహారు రావాలి.
పదిహేను.
మళ్ళీ కూర్చోబెట్టాను.
మళ్ళీ పదిహేను.

"పదకొండోది చూడు" అన్నాడు.

కిరాణా కొట్టు వరసలో ఒకరు అడుగుతారు:
నిన్న ఫలానా ఇంటికి మందులు తీసుకెళ్ళావట, ఎవరికేమైంది?
మీరేం చేస్తారు?
అ. చెబుతారు.
ఆ. కొంచెం చెబుతారు.
ఇ. నిబంధనల ప్రకారం చెప్పకూడదని వివరిస్తారు.
ఈ. పై అధికారిని అడిగి చెబుతారు.

"ఇ" అన్నాను.
"చెప్పకూడదంటే ఏదో ఉన్నట్టే కదా" అన్నాడు.
"ఈ ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు.
పొద్దున జ్వరం సాయంత్రానికి చావు కబురవుతుంది.
నేనైతే మంచు సంగతి మాట్లాడతాను.
ఆ జవాబు ఇందులో లేదు."

మంచు సంగతి.

నా చేయి మౌస్ మీదే ఆగిపోయింది.
నాకు పదిహేడేళ్ళు. మార్చి నెల.
ఒక చిన్న కాగితం సంచీ కోసం
వంటింటి కిటికీలో నిలబడి ఉన్నాను.
ఇదే మనిషి, అప్పటికింకా నెరవని గడ్డం,
ట్రక్కు దిగాడు.
సరిగ్గా అప్పుడే నాన్న పశువుల కొట్టంలోంచి బయటికొచ్చాడు.
ఎవరికీ? అన్నాడు.
సంచీ మీద నా పేరు.
సంచీ కోటు జేబులోంచి రాలేదు.
"ఉత్తరం నుంచి పెద్ద మంచు వస్తోంది, వెండెల్,
దూడల్ని లోపలికి తోలుకో."
ఇద్దరూ తలెత్తి ఆకాశం చూశారు.
నాన్న దూడల వెంట పరుగెత్తాడు.
సంచీ నా చేతికొచ్చింది.

అందులో ఏముందంటారా?
ఈ ఏడు చలి ముందే వచ్చింది.

ఆ రాత్రి మంచు పడలేదు, మర్నాడూ పడలేదు.
వాతావరణం తెలియని వెధవ అని
నాన్న వారం రోజులు ఐనార్‌ని తిట్టాడు.
తిట్లన్నీ ఊరంతా విన్నది.
ఐనార్ కూడా విన్నాడు.

"ఇ నొక్కు, ఐనార్."
"అది నేను చేసేది కాదుగా?"
"కాగితానికి అది చాలు."
నొక్కాడు. పదహారు.
ప్రింటరు దగ్గి దగ్గి సర్టిఫికెట్ కక్కింది.
శిక్షణపై మీ సూచనలు అన్న గడిలో
ఉ అని టైపు చేసి,
పక్కన ఏం రాయాలో తోచక చెరిపేశాను.

తొమ్మిదో గీత గీస్తూ అడిగాను:
"మా నాన్న, ఆ దూడలు... గుర్తుందా నీకు?"

ఐనార్ టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు,
అద్దంలోంచి చాలాసేపు బయటికి చూశాడు.
"రాత్రికి మంచు పడేట్టుంది" అన్నాడు.

పడలేదు.